పోయినోడికి పథ్యం

పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఔటర్ దిగితే చాలు, ‘ఓపెన్ ప్లాట్లు’ బోర్డులు మీద పడతాయి. ఇంటికెళ్లి కంప్యూటర్ తెరిస్తే అక్కడా అదే సంత! తెర కుడి మూలన ‘మీ ఫ్లాష్ ప్లేయర్ పాతబడింది, వెంటనే అప్‌డేట్ చేయండి’ అంటూ ఒకటే పోరు. అయ్యా, ఫ్లాష్‌కు అడోబీ 2020 డిసెంబరు 31నే మంగళం పాడేసింది. పోయినోడికి పథ్యం పెట్టమంటే ఎలా?

‘వైరస్‌లు దూరాయి, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అనేది మరో బాపతు. చేశారో, అవతలి ‘ఇంజినీరు సారు’ రిమోట్ యాప్ వేయించి బ్యాంకు ఖాతానే శుభ్రంగా ఊడ్చేస్తాడు. (అప్పుడు గుర్తొచ్చేది సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930.)

పిల్లలు ఉచిత సినిమా కోసం తెరిచిన సైటుకు ‘అలౌ’ నొక్కడమే చాలాసార్లు ఈ గోలకు మూలం. క్రోమ్‌లో సైట్ సెట్టింగ్స్, ఆపై నోటిఫికేషన్స్‌లోకెళ్లి దాని పేరు పీకేస్తే నోరు మూస్తుంది.

పీడీఎఫ్ కన్వర్టర్ వెంట పిలవకుండా వచ్చిన టూల్‌బార్ మాత్రం మొండిఘటం. తీసేయబోతే ‘మమ్మల్ని వదిలేస్తారా?’ అని ఏడుపు బొమ్మ. ‘ఉంచండి’ బటన్ పచ్చగా, అరచేయంత. ‘తీసేయండి’ కళ్లజోడుకూ ఆనదు. ఎలాగో వెతికి నొక్కితే ఇంకో విండో: ‘ఎందుకు తీసేశారు? దయచేసి ఈ సర్వే నింపండి!’