స్టేజ్ వన్

సంక్రాంతికి కొడుకు బెంగళూరు నుంచి నర్సీపట్నం ఎర్ర ఆక్టేవియా ఆరెస్ వేసుకుని వచ్చాడు. 2005 మోడలు, ఇద్దరి చేతులు మారిన బండి. స్కోడా వాళ్లు దాన్ని మన దేశంలో 2004లో దించారు. 1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, నాలుగు సిలిండర్లకి 20 వాల్వులు, 150 హార్స్‌పవర్. ఆ రోజుల్లో కుర్రకారు గోడల మీద అంటించుకున్న బండి. కొడుకూ అంటించుకున్నాడు.

తండ్రి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. టైరుని కాలితో తన్నాడు. డిక్కీ ఎత్తి స్టెప్నీ చూశాడు. చేప మొప్ప ఎత్తి చూడనిదే జేబులో చెయ్యి పెట్టని మనిషి ఆయన. ఆర్సీ కోసం డాష్‌బోర్డు అర తెరిస్తే ఒక బిల్లు చేతికి తగిలింది. స్టేజ్ వన్ రీమ్యాప్. క్వాంటిటీ: 1. రూ. 38,000.

“ఏటిరా ఇది?”

“చిప్పు వేయించాను నాన్నా. బండి ఇంకా లాగుతుంది.”

“ఏదీ, చూపించు.”

కొడుకు బానెట్ ఎత్తాడు గానీ, చూపించడానికి అందులో ఏమీ లేదు. అందుకని చెప్పడం మొదలెట్టాడు. ఇంజనులో పెట్రోలు ఎంత పడాలి, రవ్వ ఎప్పుడు రాలాలి, టర్బో ఎంత గాలి తొయ్యాలి, ఇవన్నీ ఒక కంప్యూటరు చూసుకుంటుంది. వెనకటికి దాన్ని విప్పి, లోపలి చిప్పు పీకి, వేరే లెక్కలు రాసిన చిప్పు పెట్టేవారు. ఇప్పుడు విప్పక్కర్లేదు. స్టీరింగు కింద సాకెట్టుంటుంది. దానికి వైరు గుచ్చి, ల్యాప్‌టాప్‌లోంచి కొత్త లెక్కలు ఎక్కించేస్తారు. టర్బోకి కంపెనీ వాళ్లు పెట్టిన హద్దు కొంచెం పైకి జరుపుతారు. గాలి పెరుగుతుంది, దానికి తగ్గట్టు పెట్రోలు పెరుగుతుంది, 150 కాస్తా 190 దాకా వెళ్తుంది. టర్బో లేని బండికి ఇదే చేయిస్తే వచ్చేది అయిదో పదో.

“అయితే చిప్పు మార్చలేదు.”

“మార్చలేదు.”

“మరి చిప్పంటావేం?”

“అలవాటుగా అలా అంటారు నాన్నా.”

“క్వాంటిటీ ఒకటి అని రాశాడు. ఆ ఒకటి ఏది?”

“లోపలుంటుంది. పైకి కనబడదు.”

తండ్రి కళ్లజోడు పెట్టుకున్నాడు. ఫోన్ టార్చి వేసి బానెట్ కిందికి వంగాడు. ఆ ఒకటి కోసం బ్యాటరీ పక్కన చూశాడు, రేడియేటరు వెనక చూశాడు. వైరేదో కొత్తగా ఉందని పట్టుకుంటే అది కంపెనీ వైరే. నడుం పట్టేసి లేచాడు. బిల్లు వెలుగులోకి ఎత్తి పట్టి, వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఖాళీ.

“ముప్పై ఎనిమిది వేలు. బిల్లుంది, వస్తువు లేదు” అన్నాడు.

ఆ మాట ఎదురింటి మేష్టారికి చెప్పాడు. పాలవాడికి చెప్పాడు. అరిసెలు వండటానికొచ్చినావిడకి కూడా చెప్పాడు. పండగ పూట ఆ వీధికి అంతకంటే మంచి కబురు దొరకలేదు.

ముక్కనుమ నాడు ఆయనకి కొయ్యూరులో ఎవరినో కలిసే పని పడింది. “నా బండెక్కు, తేడా నీకే తెలుస్తుంది” అన్నాడు కొడుకు. ఊరు దాటాక ఖాళీ రోడ్డు చూసి కాలు నొక్కాడు. తండ్రి వీపు సీటుకి అతుక్కుపోయింది. ఆయన పైనున్న హ్యాండిలు పట్టుకున్నాడు.

“పోతోందిరా, కాదన్ను. చిప్పు లేకముందు కూడా ఇలాగే పోయేదేమో, నీకేం తెలుసు?”

“ముందోసారి, తర్వాతోసారి మిషను మీద ఎక్కించి పవర్ కొలిచారు. కాగితం ఇచ్చారు.”

“ఎవరు కొలిచారు?”

“వాళ్లే.”

“పనీ వాళ్లదే, కొలతా వాళ్లదే! మధ్యన చూసేవాడొకడు ఉండొద్దట్రా?”

కొడుకు ఏదో అనబోయేంతలో తండ్రి ఫోను మోగింది. “ఆఁ... మిగతాది కూడా పాసైపోయిందా? చల్లటి కబురు చెప్పారు. వస్తున్నాను, వచ్చి కలుస్తాను.” ఫోను జేబులో పెట్టుకుని కాసేపు బండి గురించి ఏమీ అనలేదు.

కృష్ణదేవిపేటలో టీకి ఆగారు. అల్లూరి సమాధి ఉన్న ఊరు. అక్కడికొస్తే తండ్రికి బాస్టియన్ గుర్తుకొస్తాడు. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్. ఏజెన్సీలో రోడ్డు వేయిస్తూ గిరిజనులతో గొడ్డుచాకిరీ చేయించి కూలి సరిగ్గా ఇవ్వలేదు. 1922లో మన్యం భగ్గుమనడానికి ఉన్న కారణాల్లో అదొకటి. అల్లూరి దళం ఆగస్టు 22న చింతపల్లి స్టేషను మీద పడింది, 23న ఇదే కృష్ణదేవిపేట స్టేషను మీద.

“రోడ్డు డబ్బు తిన్నవాడు బాగుపడ్డట్టు చరిత్రలో లేదురా” అన్నాడు తండ్రి గ్లాసు కింద పెడుతూ. టీ కొట్టువాడు డబ్బులు తీసుకోలేదు. ఆయన దగ్గర ఎప్పుడూ తీసుకోడట.

బండెక్కుతుంటే ఒక ముసలాయన చెయ్యెత్తాడు. తలకి తువ్వాలు, చేతిలో మందుల సంచీ. సర్వీసు జీపు తప్పిపోయిందట. కొయ్యూరు దాటాక తమ ఊరి మలుపు వస్తుందన్నాడు. ముందు సీట్లో ఉన్నాయన్ని చూసి “దణ్ణం బాబుగారూ” అన్నాడు. తండ్రి తలూపి రోడ్డు వైపు తిరిగాడు. కొడుకు వెనక తలుపు తీశాడు.

దారిలో తండ్రి చిప్పు కథ మళ్లీ మొదలెట్టాడు. పక్క మనిషి దొరికితే ఆగే కథ కాదది. బిల్లూ, క్వాంటిటీ, ముప్పై ఎనిమిది వేలూ, టార్చీ, అన్నీ వరసగా చెప్పుకొచ్చాడు. “నువ్వు చెప్పు. బిల్లుంది, వస్తువు లేదు. దీన్నేమంటారు?”

ముసలాయన ఏమీ అనలేదు.

“లోపలుంటుంది తాతా, పైకి కనబడదు” అన్నాడు కొడుకు.

“అలగా బాబూ” అన్నాడు ముసలాయన.

కొయ్యూరు వచ్చింది. “నన్నిక్కడ దింపి నువ్వు టిఫిను చెయ్యి, ఆయన జీపులో పోతాడు” అన్నాడు తండ్రి. “పెద్దాయన, పైగా మందులు. దింపేసి అయిదు నిమిషాల్లో వచ్చేద్దాం నాన్నా” అన్నాడు కొడుకు. చిప్పు వేయించిన బండికి అయిదు నిమిషాలంటే చాలా దూరం.

“మలుపు దగ్గర దింపితే చాలు. వాళ్లకి నడక అలవాటే.”

“ఊళ్లోకే వెళ్దాం నాన్నా, ఎంతసేపు?”

మలుపు వచ్చింది. కొడుకు తండ్రి మాట వినిపించుకోకుండా స్టీరింగు తిప్పాడు. ముందు టైర్లు తారంచు మీంచి ధబ్‌మని కిందికి దిగాయి. బండి పొట్ట రాతికి గీరుకుంది. బ్రేకు వేశాడు. ఎదర బండరాళ్లు. వాటికవతల గెడ్డ. గెడ్డకవతల తుప్పల్లో మనిషి పట్టేంత కాలిబాట ఒకటి కొండెక్కుతోంది.

“చెప్పానా! వెనక్కి తియ్యి. కొయ్యూరులో ఆయన వెళ్లిపోతే మళ్లీ దొరకడు” అన్నాడు తండ్రి.

కొడుకు దిగి బండి కిందికి వంగి చూశాడు. ఆయిలు కారడం లేదు. లేచేసరికి ఎదురుగా, లంటానా తుప్పల మధ్య, ఇనప కమ్మీల మీద నిలబెట్టిన బోర్డు కనబడింది. కొత్త బోర్డు. రంగు ఇంకా మెరుస్తోంది. పైకే చదివాడు.

“పని పేరు: తారు రోడ్డు నిర్మాణం. పొడవు: 3.20 కిలోమీటర్లు. పని పూర్తయినది: మార్చి నెల. కాంట్రాక్టరు...”

అక్కడ ఆగాడు. ఇంటిపేరుతో సహా రాశారు. ఆ ఇంటిపేరు తనదే.

తండ్రి హారను కొట్టాడు.

“ఇక్కడ రోడ్డేది తాతా?” అన్నాడు కొడుకు గొంతు తగ్గించి.

ముసలాయన మందుల సంచీ భుజానికి తగిలించుకున్నాడు. పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టుకున్నాడు.

“లోపలుంటాది బాబూ” అన్నాడు. “పైకి అవుపించదు.”