తప్పనిసరి ఐచ్ఛికం

మా జిల్లాకు పొట్టి శ్రీరాములు పేరు పెట్టుకున్నాం. తెలుగువాళ్లకో రాష్ట్రం కావాలని 58 రోజులు నిరాహారంగా ఉండి, 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచిన మనిషి. రాష్ట్రమైతే వచ్చింది. ఆ రాష్ట్రమే 2019 నవంబరులో 81, 85 నంబర్లతో రెండు జీవోలు తీసి, మరుసటేడు నుంచి సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఆరు దాకా అంతా ఇంగ్లీషు మీడియమేనంది. పై తరగతులు ఏటా ఒక్కొక్కటి. తెలుగు ఒక సబ్జెక్టుగా ఉంటుందట, అదే పదివేలు. ఆ తర్వాతి జనవరిలోనే మా జిల్లా వెంకటాచలంలో ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రానికి రిబ్బను కత్తిరించారు. కేంద్రం ఢిల్లీది, జీవో అమరావతిది. అందుకే కాబోలు, ఎవరికీ నవ్వు రాలేదు.

ఇంగ్లీషు మీద నాకేం కోపం లేదు. మైపాడులో వేటకెళ్లే మనిషి తన కొడుకు ఇంగ్లీషు మాట్లాడాలనుకుంటే అందులో తప్పేముంది? పిల్లల్ని కాన్వెంటుకు పంపి తెలుగు సభల్లో కళ్లొత్తుకునే పెద్దలకైతే ఆ తండ్రిని వెక్కిరించే అర్హతే లేదు. నా పేచీ అంతా, ఒకటి నచ్చింది గనక రెండోది మూసేస్తామనే వాదనతో.

2020 ఏప్రిల్ 15న హైకోర్టు రెండు జీవోలనూ కొట్టేసింది. ఏ మీడియంలో చదవాలో ఎంచుకోవడం 19వ అధికరణం ఇచ్చిన స్వేచ్ఛలో భాగమంది. వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలన్న విద్యాహక్కు చట్టాన్ని గుర్తుచేసింది. ఏలినవారు ఊరుకుంటారా? లాక్‌డౌన్‌లోనే గ్రామ, వార్డు వలంటీర్లకు ఆప్షన్ ఫారాలిచ్చి తల్లిదండ్రుల దగ్గరికి పంపారు. నెలనెలా పింఛను తెచ్చే చెయ్యే ఫారమూ చాపితే టిక్కు ఎక్కడ పెట్టాలో ఎవరికి తెలీదు? నూటికి 96 మందికి పైగా ఇంగ్లీషే అడిగారని లెక్క తేలింది.

సరే, ఆ లెక్క అక్షరాలా నిజమే అనుకుందాం. అందరూ అడుగుతున్నదాన్ని తప్పనిసరి చేయడానికి జీవో దేనికి? నెల్లూరోళ్లకు చేపల పులుసంటే ప్రాణం. అంతమాత్రాన పప్పుచారు కాచరాదని కలెక్టరుగారు ఉత్తర్వివ్వలేదే! రాజ్యాంగం అంత లావు పుస్తకం రాసుకున్నది ఆ మిగిలిన నలుగురి కోసమే.

పక్క రాష్ట్రంలో ఇదే కథ తలకిందులుగా నడిచింది. నాలుగో తరగతి దాకా మాతృభాషో కన్నడమో తప్ప పనికిరాదని కర్ణాటక పట్టుబడితే, మాతృభాషనైనా సరే రుద్దే అధికారం నీకు లేదని 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 1920లో నెబ్రాస్కాలో పదేళ్ల పిల్లాడికి జర్మన్ చదివించాడని మేయర్ అనే పంతులుకు 25 డాలర్ల జరిమానా వేస్తే, 1923లో అమెరికా సుప్రీంకోర్టూ ఆ శిక్షను రద్దుచేసింది. కర్ణాటక తీర్పు ప్రైవేటు బళ్లదండీ, అంటారు వకీళ్లు. నిజమే. ఫీజు కట్టేవాడికి ఎంపిక, కట్టలేనివాడికి జీవో అన్నమాట.

అన్నిటికన్నా ముచ్చటైనవి ఆ ఇంగ్లీషు మీడియం పుస్తకాలు. ఒక పుట ఇంగ్లీషు, ఎదురు పుటలో అదే పాఠం తెలుగులో. పిల్లాడి వేలు ఏ పుట మీద నడుస్తోందో చూస్తే అసలు మీడియం ఏదో తెలిసిపోతుంది. జీవో గుమ్మంలోంచి గెంటేసిన తెలుగును అచ్చాఫీసు దొడ్డిదారిన లోపలికి తెచ్చింది.

ఆపైన వెయ్యి బళ్లను సీబీఎస్‌ఈలో చేర్చారు. 2024 జనవరిలో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) సంస్థతో ఒప్పందం రాసుకున్నారు. ఆ ఏడే ప్రభుత్వం మారింది, వెయ్యి బళ్లూ మళ్లీ రాష్ట్ర బోర్డుకొచ్చాయి. తిప్పి తెచ్చినవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? 2017లో పురపాలక బళ్లను ఇంగ్లీషు మీడియానికి మార్చాలని జీవో తీసింది వాళ్లే. పిల్లాడు మాత్రం అదే బల్ల మీద కూర్చున్నాడు. వచ్చే ఎన్నికల తర్వాత వాడికి ఏ సిలబస్ నచ్చబోతోందో తేల్చడానికి మళ్లీ ఓ ఫారం అచ్చవుతుంది. వలంటీర్లు ఇప్పుడు లేరు గనక, దాన్ని ఇంటికి తెచ్చేదెవరన్నదే తేలాలి.