చదవలేని పిల్లలు, చెల్లని సలహాలు

రెండో తరగతికొచ్చిన పిల్ల తెలుగు వాచకంలో ఒక పేరా చదవలేకపోతే సలహాలు చెప్పేవాళ్లకు కొదవుండదు. హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఒంటిగదిలో అద్దెకుంటున్న సినిమా లైట్‌మన్ ఇంట్లోనైనా, ఫిల్మ్‌నగర్ బస్తీలోనైనా, జూబ్లీహిల్స్‌లో నిర్మాత బంగళాలోనైనా వినిపించే మాటలు దాదాపు అవే. వాటిలో చాలావరకు తప్పు. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. చూపు కుదురుకోవాల్సిన వయసు దాటిపోతే దాన్ని తిరిగి తేవడం కష్టం. అందుకే ఆ సలహాలను ఇక్కడ పెట్టి, ఎందుకు వినకూడదో చెబుతున్నాను.

"వాడు మహా చురుకు. డైలాగు ఒక్కసారి వింటే అప్పజెప్పేస్తాడు. పుస్తకం ముందే బద్ధకం. రెండు తగిలించు, దారికొస్తాడు."

సినిమావాళ్ల మధ్య పెరిగే పిల్లల విషయంలో ఈ మాట మరీ ప్రమాదం. సెట్‌లో బాలనటులకు అసిస్టెంట్ డైరెక్టర్ డైలాగు చెబుతాడు, వాళ్లు విని పట్టేస్తారు. కాగితం చూడాల్సిన అవసరమే రాదు. బడిలోనూ కొందరు పిల్లలు ఇదే పద్ధతిలో నెట్టుకొస్తారు. పక్కవాళ్లు చదివింది విని, పాఠమంతా బట్టీపట్టి, పేజీ మీద వేలు జరుపుతూ చదువుతున్నట్టే ఒప్పజెబుతారు. ఎప్పుడూ చూడని పేరా ఇచ్చి చదవమంటే అప్పుడు బయటపడుతుంది. చెవితో ఇంత నేర్చుకున్న బిడ్డను బద్ధకస్తుడనడం అన్యాయం. కొట్టడం అంతకన్నా అన్యాయం. ముందు కళ్లు చూపించండి.

మన లిపి సంగతి కూడా తల్లిదండ్రులు ఆలోచించాలి. ద, ధ, థ మధ్య ఉన్న తేడా ఎంత? కింద చిన్న గీత, పొట్టలో చుక్క. ప కింద గీత పెడితే ఫ. పైన గుడి, గుడిదీర్ఘం, కింద వత్తులు. పెద్దబాలశిక్షలో పెద్ద అక్షరాలు గుర్తుపట్టిన పిల్లే, వాచకంలో అచ్చు సన్నబడేసరికి తడబడుతుందంటే ఆ గీతలూ చుక్కలూ అలుక్కుపోయి కనిపిస్తున్నాయేమో కనుక్కోవాలి. తనకు మసకగా ఉందని పిల్ల చెప్పదు. లోకం అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటుంది.

"బోర్డు మీద రాసింది చదువుతోందిగా, కళ్లకేం కాలేదు."

ఇది బాగా చదువుకున్నవాళ్లు కూడా చెప్పే సలహా. బోర్డు కనపడకపోవడం మైనస్ పవర్ లక్షణం. దాన్ని టీచర్లు త్వరగానే పసిగడతారు. ప్లస్ పవర్ ఉన్న పిల్లల కథ వేరు. కంటి లోపలి కండరాన్ని బిగబట్టి, దూరంలో ఉన్నదాన్ని వాళ్లు స్పష్టంగానే చూడగలరు. గోడ మీద చార్టు పరీక్షలో కూడా నెగ్గుతారు. పుస్తకం దగ్గరికొచ్చేసరికి ఆ కండరం ఇంకా ఎక్కువ శ్రమపడాలి. మొదటి పది లైన్లు బాగా చదివి, ఆ తర్వాత లైను తప్పడం, కళ్లు నులుముకోవడం, తలనొప్పని పుస్తకం మూసేయడం చూస్తే అనుమానించండి. ఒక కన్ను మూసుకుని చదవడం, తల ఓ పక్కకు వంచి చదవడం కూడా అలాంటి గుర్తులే.

దీన్ని పట్టుకోవాలంటే కంట్లో చుక్కలు వేసి, కండరాన్ని కాసేపు సడలించి పరీక్షించాలి. "చుక్కలు వేస్తే రోజంతా మసకగా ఉంటుంది, హోంవర్క్ పాడవుతుంది. షాపులో కంప్యూటర్ టెస్టింగ్ చేయించెయ్" అనే మాట అందుకే తప్పు. చుక్కలు లేకుండా యంత్రం ముందు కూర్చోబెడితే పిల్లల కన్ను బిగుసుకుని, లేని మైనస్‌ను చూపించవచ్చు. ఒకరోజు హోంవర్క్ పోతే పోనివ్వండి.

"ఇప్పటినుంచే అద్దాలా? అలవాటైతే నంబర్ పెరిగిపోతుంది. ఆడపిల్ల, రేపు పెళ్లెలా?" సరైన అద్దాలు పెట్టుకోవడం వల్ల నంబర్ పెరగదు. పెరిగే పిల్లలకు కంటిగుడ్డు కూడా పొడవు పెరుగుతుంది కాబట్టి మైనస్ పెరుగుతుంది. కావాలని తక్కువ పవర్ ఇస్తే ఆగుతుందేమోనని మలేసియాలో పరిశోధకులు పరీక్షించారు. 2002లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం, తక్కువ పవర్ అద్దాలు పెట్టిన పిల్లలకే నంబర్ ఎక్కువ పెరిగింది. మైనస్ రాకుండా కాస్తయినా కాపాడేది ఆరుబయట వెలుతురు. పగటిపూట రోజుకు రెండు గంటలు బయట ఆడనివ్వండి. ఇక పెళ్లి మాటకొస్తే, మన సినిమాలే దీనికి కొంత జవాబు చెప్పాలి. సోడాబుడ్డి అద్దాలు తగిలించి మొద్దబ్బాయినో, ఎవరికీ నచ్చని అమ్మాయినో చూపించడం ఇన్నేళ్లుగా సాగుతోంది. దాన్ని చూసి నవ్విన తరగతిలోనే ఓ పిల్ల తన అద్దాలు తీసి సంచిలో దాచుకుంటుంది. రచయితలు, దర్శకులు ఈ అలవాటు మానుకోవాలి.

"మెల్లకన్ను అదృష్టం. పెద్దయితే అదే సర్దుకుంటుంది." ఈ ఒక్క నమ్మకం ఎన్ని కళ్లను పాడుచేసిందో! పుట్టిన తొలి నెలల్లో చూపు అటూఇటూ పోవడం మామూలే. ఆరు నెలలు దాటాకా ఉంటే డాక్టరుకు చూపించాల్సిందే. రెండు కళ్లూ రెండు దిక్కులు చూస్తే మెదడు ఒకదాని బొమ్మను పక్కన పెట్టేస్తుంది. అలా పక్కన పడిన కన్ను చూడటమే నేర్చుకోదు. దీన్నే లేజీ ఐ అంటారు. మెల్ల లేకపోయినా, ఒక కంటికే ఎక్కువ పవర్ ఉన్నా ఇది వస్తుంది. రెండో కన్ను బాగా పనిచేస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకే పరీక్ష ఎప్పుడూ కన్ను కన్నుకీ విడిగా జరగాలి. బాగున్న కంటికి రోజూ డాక్టరు చెప్పినంతసేపు ప్యాచ్ వేసి, బలహీనమైన కంటికి పని చెప్పడమే వైద్యం. ఏడేళ్లలోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. ఆ పైన కూడా కొందరికి మెరుగవుతుంది కాబట్టి ఆలస్యమైందని వదిలేయకండి.

తేనె, ఆముదం, తల్లిపాలు కంట్లో వేయమనే సలహాకు ఒక్కటే జవాబు: వద్దు. ఇన్ఫెక్షన్ రావచ్చు.

డబ్బున్న ఇళ్లలో మరో సలహా తిరుగుతోంది: "చదవలేకపోతే రంగుటద్దాలు పెట్టించండి, కంటి వ్యాయామాల ప్యాకేజీ తీసుకోండి." దగ్గరి వస్తువు మీద రెండు కళ్లూ కలవని లోపం కొందరికి ఉంటుంది. దానికి వ్యాయామం పనిచేస్తుంది. అయితే ఆ వ్యాయామంతో కళ్లు మెరుగైనా, చదివింది అర్థం చేసుకోవడం మాత్రం అదనంగా మెరుగుపడలేదని 2019లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. డిస్లెక్సియా కంటిజబ్బు కాదు. అక్షరాన్నీ ధ్వనినీ కలిపే దగ్గర మెదడు పడే ఇబ్బంది అది. అమెరికా పిల్లల వైద్యుల, కంటి వైద్యుల సంఘాలు 2009లోనే రంగుటద్దాలకు ఆధారం లేదని కలిసి ప్రకటించాయి. 2007లో 'తారే జమీన్ పర్' చూసి కన్నీళ్లు పెట్టుకున్న మనం, అందులో డిస్లెక్సియా ఉన్న బాబుకు తోడ్పడింది ఓపికగా నేర్పిన మాస్టారని మరిచిపోకూడదు. కళ్లు బాగున్నాయని తేలాక కూడా చదువు రాకపోతే అక్కడితో ఆగకండి. ప్రత్యేక బోధన తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ అభ్యసన లోపాలను కూడా గుర్తించింది.

"కంటాసుపత్రులు మనలాంటివాళ్లకు అందవు" అనేవాళ్లు కృష్ణానగర్‌లో ఉన్నారు. తొలి హిందీ టాకీ 'ఆలం ఆరా'లోనూ, తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లోనూ నటించి, తర్వాత దర్శకుడై, నిర్మాతై, 1982కు ఫాల్కే పురస్కారం అందుకున్న ఎల్.వి. ప్రసాద్ కుటుంబం స్థలం, డబ్బు ఇస్తే, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన కంటాసుపత్రి వాళ్లకు దగ్గర్లోనే, బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2లో ఉంది. అక్కడ పిల్లల కళ్లకు విడిగా విభాగముంది. చెల్లించలేనివాళ్లకు ఉచితంగా చూస్తారు. మెహదీపట్నంలో సర్కారు సరోజినీదేవి కంటాసుపత్రి ఉంది. సినిమా సంపాదన ఇంత మంచి పనికి చేరిన చోట, సినిమా కార్మికుడి బిడ్డ చూపులేక బడి మానేయడం జరగకూడదు.

బడిలో ఒకసారి చార్టు చదివించారని ఊరుకోకండి. ఒకటో తరగతిలో చేర్చకముందే, చుక్కలు వేసి, రెండు కళ్లకూ విడివిడిగా, దూరానికీ దగ్గరకూ పరీక్ష చేయించండి. ఇప్పటికే చేర్చేసి ఉంటే, షూటింగ్ లేని రోజు చూసుకుని ఈ వారమే తీసుకెళ్లండి.