ఆదివారం నల్లబల్ల

నేను నల్లబల్లని. నిజామాబాద్ గిరిరాజ్ ప్రభుత్వ కళాశాలలో ఒక గది గోడను పట్టుకుని బతుకుతున్నాను. టేకు చట్రం, ఎండాకాలం సెలవుల్లో ఒక నల్లరంగు పూత, కింద చాక్‌పీసు ముక్కలు పెట్టుకునే సన్నటి చెక్క. ఇంతే నా ఆస్తి. పక్క గదుల్లోని బల్లలకు ఆదివారం సెలవు. నాకు లేదు. ఆ ఒక్క రోజు లేకపోతే నాకు చెప్పుకోవడానికి పెద్దగా కథ కూడా ఉండేది కాదు.

మా కాలేజీ 1956లో వెలిసింది. ఆ ఏడాది మొదట్లో ఈ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది, నవంబరు వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. అంతకుముందు పై చదువు మీద మనసున్న ఇక్కడి కుర్రవాడు మీటర్‌గేజి రైలెక్కి కాచిగూడ దారి పట్టాల్సిందే. అక్కడ గది, మెస్సు, పుస్తకాలు, గుడ్డలు. పట్వారీల ఇళ్ల నుంచి, దొరల గడీల నుంచి, వకీళ్ల వాకిళ్ల నుంచి వెళ్లగలిగారు. మిగతావాళ్లకు పదోతరగతి దాటితే చాలా దూరం పోయినట్టే లెక్క. పైగా 1918లో పెట్టిన ఉస్మానియాలో నిజాం రాజ్యం పోయేదాకా పాఠం ఉర్దూలోనే. ఇంట్లో తెలుగు తప్ప మరోటి వినని పిల్లవాడికి ఆ దూరం రెండింతలు.

కాలేజీ ఊళ్లోకి వచ్చాక ఆర్మూరు, బోధన్, బాన్సువాడ వైపు నుంచి పిల్లలు పొద్దున్నే సద్ది కట్టుకుని దిగడం మొదలుపెట్టారు. నన్నడిగితే ఈ కాలేజీని నిలబెట్టినవాటిలో ఇటుకా సున్నంతో పాటు ఆర్టీసీ బస్సు పాసునూ చేర్చాలి. ఆ పాసుకు ఎవరూ విగ్రహం పెట్టరు, అది వేరే సంగతి.

బోధన్ పేరెత్తాను కాబట్టి చెరకు సంగతి చెప్పాలి. మంజీరకు అడ్డంగా నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో ముగిసింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీళ్ల వెంట చెరకు వచ్చింది, చెరకు వెంట 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్. క్వార్టర్లు, దవాఖానా, బడి, సైరన్. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని ఆ ఫ్యాక్టరీని గురించి చెప్పుకునేవారు. చలికాలంలో క్రషింగ్ మొదలైతే మూడు షిఫ్టులు. చెరకు పిండడం, రసంలో సున్నం కలిపి మడ్డి తేర్చడం, ఆవిరి మీద చిక్కబరచడం, పాన్‌లో గింజ కట్టించడం, గిరగిర తిరిగే యంత్రంలో పంచదారనూ మొలాసిస్‌నూ విడదీయడం. ఒక్కో మెట్టు దగ్గర ఆ పని చేత్తో నేర్చిన మనిషి. పాన్ దగ్గర నిలబడేవాడు బొట్టంత పాకాన్ని గాజుపలక మీద వేసి, వెలుతురుకు పట్టి, గింజ ఎంత లావైందో చూసి ఆవిరి పెంచాలా తగ్గించాలా చెప్పేస్తాడు. అది రావడానికి ఏళ్లు పడుతుంది. కానీ ప్రమోషను లిస్టు వచ్చినప్పుడు ఆ చూపును ఏ గడిలో రాయాలి? విద్యార్హత అన్న చోట 'ఏడో తరగతి' అనే రాయాలి.

ఇలాంటి మనుషుల కోసమే అన్నట్టు 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. ఇంగ్లండులో 1969 నుంచి ఓపెన్ యూనివర్సిటీ నడుస్తోంది, మన దేశంలో మాత్రం ఇదే మొదటిది. తొలి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి, అప్పటి మా పక్క జిల్లా కరీంనగర్‌వారు. ఇందిరాగాంధీ పేరిట ఢిల్లీలో 1985లో పెట్టిన జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ ఆయన్నే మొదట పిలిచారు. 1991లో మన విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టారు. నాకు నచ్చిన విషయం ఏమిటంటే, అది ఊరూరా కొత్త భవనాలు లేపలేదు. ఉన్న ప్రభుత్వ కాలేజీల్లోనే, అవి తాళం వేసుకునే రోజున, అధ్యయన కేంద్రాలు తెరిచింది. మా కాలేజీ అలా ఒకటైంది. నా సెలవు అలా పోయింది.

అప్పట్లో ఇంటర్ లేకపోయినా ఫరవాలేదు. వయసు నిండి, అర్హత పరీక్ష ఒకటి గట్టెక్కితే డిగ్రీలో చేరే వీలుండేది. తెలుగులో చదవవచ్చు, ఉర్దూలో చదవవచ్చు. పుస్తకాలు చేతికి వస్తాయి, రేడియోలో పాఠాలు, ఆదివారం మా గదిలో క్లాసు.

మామూలు రోజుల్లో పిల్లలు వస్తే గది వెనక బెంచీ నుంచి నిండుతుంది. ఆదివారం వాళ్లు ముందు బెంచీ నుంచి నింపుకుంటూ వస్తారు. అదంతా చదువు మీద ప్రేమేననుకోకండి. కొంతమందికి చూపు ఆనదు, అద్దాలు ఇంకా కొనుక్కోలేదు. ఒక కండక్టరు, ఒక హోంగార్డు, ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు, మార్కెట్ యార్డులో పసుపు బస్తాలకు చీటీలు రాసే గుమస్తా, బీడీలు చుట్టే అక్క. మూడో బెంచీలో శక్కర్‌నగర్ పాన్‌మ్యాన్. రాత్రి షిఫ్టు దిగి, ముఖం కడుక్కుని, మొదటి బస్సు పట్టుకుని వచ్చేవాడు. చొక్కాకు మొలాసిస్ వాసన ఉండేది. నాకే తెలిసిందంటే పక్కన కూర్చున్నవాళ్లకు తెలియకుండా ఉంటుందా?

ఒక ఆదివారం అర్థశాస్త్రం సార్ నా మీద గిరాకీ గీత ఒకటి, సరఫరా గీత ఒకటి గీశారు. అమ్మేవాడు ధర నచ్చకపోతే సరుకు ఆపుకుంటాడు, సరఫరా తగ్గుతుంది, ధర లేస్తుంది అన్నారు. మూడో బెంచీ లేచింది.

"సార్, గది చెరుకుకు నడ్వది."

"ఎందుకు నడవదు పెద్దాయనా?"

"కోసినంక చెరుకు ఆగది సార్. ఒక దినం ఎండల ఉంటే బరువు పోతది. ఇంకో దినం ఉంటే తీపి పోతది. ధర నచ్చలేదని రైతు బండి మర్లేసుకొని ఇంటికి పోతడా? పోయి దాన్నేం జేసుకుంటడు?"

సార్ ఒక క్షణం నా వైపు చూశారు, నేనేదో జవాబు చెప్తానన్నట్టు. తర్వాత చాక్‌పీసు ఆయన చేతికిచ్చి, "వచ్చి రాయండి" అన్నారు. పాన్‌మ్యాన్ వేళ్లకు పలకా బలపం మరిచిపోయి చాలా కాలమైంది. వంకర అక్షరాలతో రాశాడు: వంద టన్నుల చెరకు, పది టన్నుల పంచదార, రికవరీ పది శాతం. అప్పట్లో కేంద్ర ప్రభుత్వం చెరకుకు కనీస ధరను ఎనిమిదిన్నర శాతం రికవరీ మీద కట్టేది, ఆపైన వచ్చినదానికి కొంత కలిపేది. అంటే యార్డులో బండ్లు నిలబడిపోతే పోయేది చెరకు తీపే కాదు, ఆ లెక్క మీద పెరగాల్సిన ధర కూడా. గుమస్తా అందుకుని, పసుపు అట్లా కాదు, ఉడకబెట్టి ఎండబెట్టుకుంటే ఏడాదైనా కొట్టులో ఉంటుంది, అందుకే పసుపు రైతు కొంచెమన్నా బెట్టు చేయగలడు అన్నాడు. సార్ తన గీతలు చెరపలేదు. పక్కన 'నిల్వ ఉండే సరుకు, నిల్వ ఉండని సరుకు' అని రెండు వరుసలు గీసి, అందరినీ అడుగుతూ నింపారు. పాలు, టమాటాలు, బీడీ ఆకు. కండక్టరు 'ఖాళీ సీటు' అన్నాడు. బస్సు కదిలాక ఆ సీటు ఇంకెవరికీ అమ్మలేమట. సోమవారం పొద్దున పిల్లలు వచ్చి అదంతా ఏమిటో తెలియక చెరిపేశారు.

బీడీలు చుట్టే అక్క ఎక్కువ మాట్లాడేది కాదు. చేతులు మాత్రం ఊరుకునేవి కావు, కొంగు అంచును చుట్టీ విప్పీ. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. "డిగ్రీ అయితే బీడీలు బంద్ జేస్తవా అక్కా?" అని అంగన్‌వాడీ టీచర్ అడిగితే, "బంద్ జేస్తే ఇల్లెట్ల నడుస్తది? కట్టల లెక్క, పీఎఫ్ లెక్క ఇంకొకరు జెప్తె తలకాయ ఊపుడు బంద్ జేస్త" అంది. కాలేజీ ఎందుకన్న ప్రశ్నకు వార్షికోత్సవాల్లో నేను విన్న ఉపన్యాసాలన్నిటికన్నా ఇది నయం.

'కమ్యూనిటీ కాలేజీ' అన్న మాట నాకు చాలా ఆలస్యంగా వినబడింది. ఒక లెక్చరర్ చెప్పారు: అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్‌లో 1901లో ఆరుగురు విద్యార్థులతో ఇలాంటిది మొదలైందట. ఊరు విడిచి, ఇల్లు విడిచి పోలేని పిల్లలకు రెండేళ్ల కాలేజీ చదువు అక్కడే చెప్పడం. తర్వాత తర్వాత పనివాళ్లకు, పెద్దవాళ్లకు, ఊళ్లో ఉన్న పరిశ్రమకు కావలసిన కోర్సులకు తలుపు తెరిచారు. మన దేశంలో 1995లో పాండిచ్చేరిలో ఒకటి పెట్టారు. 2012 తర్వాత యూజీసీ కూడా ఇలాంటి కోర్సులకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. విని నాకు సంతోషమూ వేసింది, కొంచెం కడుపుమంటా కలిగింది. తలుపు తెరవడం, తీరిక దొరికే రోజున తెరవడం, తల నెరిసినవాడిని బెంచీ మీద కూర్చోబెట్టడం మా ఆదివారాలు చేసినవే. ఊళ్లో ఉన్న పరిశ్రమకు కావలసిన కోర్సులన్న రెండో సగం మాత్రం మా దాకా రాలేదు. పాన్‌మ్యాన్ చదివింది బి.ఏ. అందులో చరిత్ర ఉంది, అర్థశాస్త్రం ఉంది, పాన్ లేదు. గాజుపలక మీద గింజ చూడటం ఆయన ఇంకొకరికి నేర్పే తరగతి ఒకటి, ఇక్కడే, బోధన్‌కు బస్సుదూరంలో ఉండి ఉంటే?

2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం వచ్చింది. మొదట మా ఆవరణలోనే తరగతులు నడిపి, తర్వాత డిచ్‌పల్లిలో తన చోటికి వెళ్లిపోయింది. పీజీకి కూడా హైదరాబాద్ పోనక్కరలేదని పిల్లలు సంబరపడ్డారు. ఆ సంబరం నాకూ అర్థమైంది, కాచిగూడ రైలు కథలు విన్నదాన్ని కదా.

బోధన్ కథ మాత్రం ఇంకోవైపు తిరిగింది. 2002లో ఫ్యాక్టరీలో పెద్ద వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ నోటీసు అంటించారు, గానుగ ఆగింది. చేత్తో నేర్చిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పథకాన్ని కేంద్రం మొదలుపెట్టింది కూడా ఆ 2015లోనే. ఈ రెండు కబుర్లూ నా ముందు వేర్వేరు రోజుల్లో, వేర్వేరు మనుషులు చెప్పారు. కలిపి విన్నది నేనొక్కదాన్నే అనుకుంటాను.

మా పాన్‌మ్యాన్ అప్పటికి ఎప్పుడో రిటైరయ్యాడు. డిగ్రీ అయిందా అంటారా, అయింది. ఇంగ్లిషు పేపరు సతాయించింది గానీ చివరికి వదిలిపెట్టింది. ప్రమోషను దాని వల్ల వచ్చిందో లేదో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. కూతురి పెళ్లి కార్డు సార్‌కు ఇవ్వడానికి ఒక ఆదివారం గదికి వచ్చాడు. సార్ దాన్ని పైకే చదివారు. తండ్రి పేరు పక్కన 'బి.ఏ.' అని, దాని కింద 'పాన్‌మ్యాన్, శక్కర్‌నగర్' అని అచ్చేయించాడు.