నేను వద్దన్న నల్ల మిషను

మూడేళ్ల కిందట మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది. "అమ్మాయ్, నాకు కాళ్లు లాగేస్తున్నాయి, ఇక తొక్కలేను. మిషను నువ్వు పట్టుకెళ్లు. నీకూ కుట్టు వచ్చుగా" అంది. నేను వద్దన్నాను. ఇంట్లో చోటు లేదని చెప్పాను. అది అబద్ధం. హైదరాబాదులో మేము కొనుక్కున్న ఫ్లాటులో, హాల్లో కిటికీ కింద, ఆ మిషను సరిగ్గా పట్టే జాగా ఉంది. ఫోన్లో మాట్లాడుతూ నేను ఆ జాగాకేసే చూస్తున్నాను.

అసలు కారణం ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. ఆ మిషను హాల్లో ఉంటే వచ్చినవాళ్లు చూస్తారు, మీ అమ్మగారు కుట్టేవారా అని అడుగుతారు. ఆ ప్రశ్న నాకు వద్దు.

నాన్న పోయేసరికి నేను నాలుగో తరగతి. అమ్మ ఎవరి దగ్గరో పాత సింగర్ మిషను రెండు విడతల్లో డబ్బు కట్టి తెచ్చుకుంది. పిల్లలం మా ఇద్దర్నీ చదివించింది ఆ మిషనే. కుట్టిన బట్టలు ఇళ్లకు ఇచ్చి రావడం నా పని. ఏడో తరగతిలో ఒక సాయంత్రం, సంచి పట్టుకుని ఒకింటి గుమ్మంలో నిలబడ్డాను. అది నా క్లాసులో పక్కన కూర్చునే అమ్మాయి ఇల్లు. వాళ్లమ్మ జాకెట్టు విప్పి చూసి, "చంకలో బిగుతుగా ఉంది, మళ్లీ విప్పి కుట్టమను" అంటుంటే ఆ అమ్మాయి వెనకాల నిలబడి చూస్తోంది. అది జరిగి ముప్ఫై ఏళ్లు దాటింది. నేను టీచరునయ్యాను, ఇల్లు కొనుక్కున్నాను. అయినా ఆ గుమ్మం నా లోపలే ఉండిపోయింది.

నేను చెప్పేది సోషల్. యంత్రాల మోజును అంతగా ఎదిరించిన గాంధీగారు 1924లో సింగర్ కుట్టు మిషనుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. తన భార్య చేత్తో కుట్టుకోవడం చూడలేక సింగర్ ప్రేమతో చేసిన యంత్రమని ఆయన దాన్ని మెచ్చుకున్నారు. ఈ సంగతి పిల్లలకు ఏటా చెబుతాను. ఏటా చెబుతూనే మా అమ్మ మిషనును ఇంట్లోకి రానివ్వలేదు.

లెక్క కూడా నాకు అనుకూలంగా వేసుకున్నాను. అమ్మ మిషనుకు కొత్త తోలు బెల్టు, షటిల్, రిపేరు, లారీ పార్సిలు కలిపి 3,500 అవుతుందని తెనాలి మెకానిక్ చెప్పాడు. ఆ రాత్రే ఫోన్లో ఒక కొత్త మిషను చూశాను. తెలుపు, గులాబీ రంగుల్లో చిన్నగా ముచ్చటగా ఉంది. పన్నెండు రకాల కుట్లు పడతాయట, కరెంటుతో నడుస్తుందట, వాడాక అలమరాలో పెట్టేయొచ్చట. ధర 2,699. పాతదాన్ని బాగు చేయించే డబ్బుకంటే తక్కువకే కొత్తది వస్తుంటే పాతది ఎందుకని మా ఆయనకు చెప్పాను, నాకు నేను చెప్పుకున్నాను. ఆ మిషను మీద ఏం కుట్టబోతున్నానన్న ఆలోచన మాత్రం ఒక్కసారి కూడా రాలేదు.

కొత్తది కొన్న మొదటి వారం దిండు గలీబులు కుట్టాను. బాగానే కుట్టింది. ఫోటో తీసి అమ్మకు పంపాను. "బాగుందమ్మా" అంది. కాసేపాగి, "నాలుగు మడతల మీద నడిచిందా?" అని అడిగింది. కుట్టి చూడకుండానే, నడుస్తుందిలే అన్నాను.

ఆ మాటకు అర్థం మా పాప ఓణీల ఫంక్షన్ ముందు రోజు రాత్రి తెలిసింది. గద్వాల పట్టు గుడ్డ, లైనింగ్ జాకెట్టు. బయట కుట్టు కూలి ఎక్కువని కాదు, పాపకు నా చేత్తో కుట్టాలని. కుట్టు తెలిసినవాళ్లకు చంక దగ్గర సంగతి తెలుసు. పై గుడ్డ, లైనింగ్ కలిపితే రెండు పొరలు. ముందు భాగం, వెనక భాగం కలిసేచోట నాలుగు. చెయ్యి కుట్టు కూడా అక్కడికే వచ్చి చేరితే ఎనిమిది. పైగా అంచు జరీ. సూది అక్కడికి రాగానే మోటారు మూలిగి ఆగిపోయింది. పెడల్ ఇంకా గట్టిగా నొక్కాను. కదలకపోతే చక్రం చేత్తో తిప్పాను. లోపల టక్కుమని ఏదో విరిగింది. సూది వంగి ప్లేటుకు కొట్టుకుంది. దారం అడుగున ఉండలు కట్టి, గుడ్డను ప్లేటు సందులోకి లాగేసింది. కత్తెరతో దారాలు ఒక్కొక్కటే కోస్తూ బయటకు తీశాను. తీసేసరికి చంక కింద బెత్తెడు మేర పట్టు చీలిపోయి, జరీ పోగులు లేచి ఉన్నాయి. మర్నాడు పాప రెడీమేడ్ జాకెట్టుతో పీటల మీద కూర్చుంది. ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

సికింద్రాబాదులో ఒక పెద్దాయన మిషన్లు బాగుచేస్తారంటే సంచిలో పెట్టుకుని తీసుకెళ్లాను. ఆయన అడుగు మూత విప్పి, లోపలున్న తెల్లటి ప్లాస్టిక్ పళ్ల చక్రం నా అరచేతిలో పెట్టారు. రెండు పళ్లు అరిగి ఊడిపోయాయి. సూది కిందికి దిగి, మళ్లీ లేవబోతుండగా దారం చిన్న ఉచ్చులా విచ్చుకుంటుందట. సరిగ్గా ఆ క్షణానికి కింది కొక్కెం వచ్చి దాన్ని అందుకోవాలి. పన్ను పోతే ఆ వేళ తప్పుతుంది, అందుకే కుట్టు వదిలేస్తుంది, దారం ఉండ కడుతుంది అని వివరంగా చెప్పారు. "దీనికి సామాను దొరకదమ్మా. నేను వేరే చక్రం చెక్కి పెట్టలేను కదా" అన్నారు. అది కొని అప్పటికి ఐదు నెలలు కాలేదు.

తర్వాత ఆయనే, ఇంట్లో పాత మిషను ఏదైనా ఉందా అని అడిగారు. అమ్మ మిషను గురించి చెప్పాను. పలక మీద 15కె అని ఉండేదని గుర్తు చేసుకుని చెప్పగానే, సొరుగులోంచి ఒక బాబిన్ కేసు తీసి చూపించారు. ఆ 15 రకం పోలికలోనే మన దగ్గర ఉషా నల్ల మిషన్లు, లూధియానా మిషన్లు వచ్చాయట. అందుకే ఒకదాని సూది, బాబిన్, కేసు ఇంకోదానికి పడతాయి. వంద రూపాయల లోపు వస్తువు, ఏ ఊళ్లో దారాల కొట్టుకు వెళ్లినా దొరుకుతుంది. ఇంటికొచ్చాక చదివాను. ఆ కె అక్షరం స్కాట్లండ్‌లో క్లైడ్‌బ్యాంక్ ఊళ్లోని కిల్‌బోవీ ఫ్యాక్టరీకి గుర్తు. ఆ ఫ్యాక్టరీ 1980లోనే మూతపడింది. మూతపడి ఇన్నేళ్లయినా దాని మిషనుకు తెనాలిలో సామాను దొరుకుతోంది. నాది ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు, దానికి ఒక చక్రం దొరకలేదు.

అమ్మ మిషను పని నాకు తెలియంది కాదు, కళ్లముందే చూస్తూ పెరిగాను. బాబిన్ కేసును దారం కొసతో పట్టుకుని వేలాడదీసి చిన్నగా ఒక్క కుదుపు కుదిపేది. కేసు అంగుళం జారి ఆగితే బిగువు సరిపోయినట్టు. జారకపోతే బిగుతు, బరబరా జారిపోతే వదులు. శనివారం రాత్రి ప్రతి కన్నంలో ఒక్కో చుక్క నూనె వేసి, పాత గుడ్డ మీద ఖాళీగా తొక్కేది, మర్నాడు కొత్త బట్టకు మరక అంటకుండా. జీన్సు ప్యాంటు అంచు వస్తే తొక్కడం ఆపి, చక్రం చేత్తో తిప్పుతూ ఒక్కొక్క కుట్టే వేసేది. ఇనుప తల, కింద బరువైన చక్రం. ఆ బరువే సూదిని మడతల్లోంచి దించేది. ఆ బరువునే నేను ఇంటికి అడ్డం అనుకున్నాను.

ఇక నా రెండో బుద్ధితక్కువ పని. ఇది చెప్పడం మొదటిదానికంటే కష్టం. అమ్మకు ఫోన్ చేసి, మిషను పంపించమని అడిగాను. తను దాన్ని ఎప్పుడో ఎదురింటి అమ్మాయికి ఇచ్చేసింది. పద్దెనిమిదేళ్ల పిల్ల, అమ్మ దగ్గరే కుట్టు నేర్చుకుంది. "వెనక్కి తీసుకో అమ్మా, కావాలంటే వాళ్లకు డబ్బిద్దాం" అన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "దాని మీద వాళ్లిల్లు నడుస్తోందే. మనిల్లు నడిచినట్టే. నేనేమని అడగను?" అంది. నేను ఫోన్ పెట్టేసి వంటింట్లో చాలాసేపు అలాగే నిలబడ్డాను. నా చిన్నప్పుడు ఎవరైనా వచ్చి మా మిషను తిరిగి ఇచ్చేయమని అంటే మా గతి ఏమయ్యేది?

ఆ సికింద్రాబాదు పెద్దాయనే ఆ తర్వాత రెండు నెలలకు, పని మానేసిన ఒక టైలరు మిషను ఉందని కబురు చేశారు. స్టాండుతో సహా 5,500. ఈసారి సంచిలో పాత జీన్సు ముక్క పట్టుకెళ్లాను. నాలుగు మడతలు వేసి ఆయన ముందే కుట్టి చూశాను. చక్రం ఒక వేలితో తిప్పితే గరగర లేకుండా తిరిగింది. షటిల్ గోరుతో తడిమి చూశాను, గీతలు లేవు. పాతవన్నీ మంచివని నేను అనను. తుప్పు పట్టి, చక్రం ఊగుతూ, షటిల్ అరిగిపోయిన పాతది కొంటే అదీ డబ్బు దండగే. నాణ్యమైన కొత్త మిషన్లూ ఉన్నాయి. వాటి ధర వేరు. రెండు మూడు వేలకు కొత్తగా వచ్చే ఆ చిన్న మిషను మాత్రం గలీబులకు సరిపోతుంది, జాకెట్టుకు సరిపోదు. కొనబోయేవాళ్లు దయచేసి మీరు కుట్టేవాటిలో అన్నిటికంటే మందమైన గుడ్డ ముక్కను చేత్తో పట్టుకెళ్లండి. మీ ఊరి దారాల కొట్లో దాని బాబిన్ కేసు దొరుకుతుందో లేదో ముందు కనుక్కోండి. పక్కన కుట్టు తెలిసిన పెద్దావిడ ఎవరైనా ఉంటే ఆవిణ్ని వెంటబెట్టుకుని వెళ్లండి. నాలుగు మడతల మీద నడిచిందా అని నన్ను అడిగిన మనిషి మా అమ్మే, నేనే సరిగా జవాబు చెప్పలేదు.

మిషను ఇప్పుడు హాల్లో కిటికీ కిందే ఉంది. వచ్చినవాళ్లు అడుగుతున్నారు. మా అమ్మ కుట్టేది, ఆ డబ్బుతోనే నేను చదువుకున్నాను అని చెబుతున్నాను. చీలిపోయిన గద్వాల గుడ్డకు చంకలో అతుకు వేసి మళ్లీ కుట్టాను. పాప మొన్న స్కూల్లో వార్షికోత్సవానికి తొడుక్కుంది.

అమ్మ మిషను తెనాలిలోనే ఉంది. పోయిన సంక్రాంతికి ఆ పిల్ల దాని మీద నలభై జాకెట్లు కుట్టిందట.