విప్పని గేర్‌బాక్సు మహాత్మ్యం

ఆకివీడు చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ పికప్ బేరమాడినవాళ్ళకి ఈ మంత్రం వినపడే ఉంటుంది. "బండి కడిగిన ముత్యమండి. కొన్నకాణ్ణుంచీ గేర్‌బాక్సు విప్పలేదండి. హౌసింగు మీద చెయ్యి పడలేదండి. కంపెనీ సీలేనండి, ఆయ్." ఆ మాట చెప్పేటప్పుడు బ్రోకరు గొంతులోకి ఎక్కడలేని భక్తి వచ్చేస్తుంది. ఎనిమిదేళ్ళు చెరువు గట్లమీద, ఐసు నీళ్ళలో, తవుడు బస్తాల కింద నలిగిన బండికి ఒక్కసారీ ఆయిల్ మార్చలేదని అమ్మేవాడు తన నోటితో తనే ఒప్పుకుంటున్నాడు. కొనేవాడు దాన్ని బండి సుగుణాల్లో రాసుకుని, ఇంకో పదివేలు ఎక్కువైనా ఫర్వాలేదంటున్నాడు. తప్పు ఒప్పుకున్నందుకు రేటు పెరిగే వ్యాపారం ఇదొక్కటే.

గేదెను కొనేటప్పుడు మనవాళ్ళు నోరు తెరిపించి పళ్ళు చూస్తారు, రెండుపూటలా దగ్గరుండి పాలు పిండిస్తారు, నాలుగడుగులు నడిపించి కాళ్ళు చూస్తారు. అదే మనిషి లక్షలు పోసి బండి కొనేటప్పుడు లోపలి పళ్ళ సంగతి అడగడు. టైరును ఒకసారి తంతాడు. డోరు దభీమని వేసి చప్పుడు వింటాడు. బానెట్ ఎత్తి, ఇంజన్ వైపు ఒక నిమిషం గౌరవంగా చూసి దించేస్తాడు. సీటు కవర్లు మాత్రం వేలితో నొక్కి మరీ చూస్తాడు. బండి కిందికి దూరేవాడు లేడు. తెల్ల చొక్కా కదా మరి.

అలాగని మనవాళ్ళది అజాగ్రత్త అంటే నేనొప్పుకోను. 2009లో మన దేశంలో వనామి రొయ్య సాగుకు అనుమతి వచ్చాక ఈ ప్రాంతపు రైతుకి కంటినిండా నిద్ర లేదు. తెల్లవారుజామున మూడింటికి లేచి చెరువులో ఆక్సిజన్ ఎంతుందో చూస్తాడు. సీసాలో నీళ్ళు పట్టి ల్యాబ్‌కి పరిగెడతాడు. పీహెచ్, అమ్మోనియా, ఉప్పదనం నోటికి చెబుతాడు. వలవేసి కౌంట్ చూసుకుంటాడు. రొయ్య మీసం ఎర్రబడితే ఈయనకి జ్వరం వస్తుంది. చెరువులో ఏరేటరు గేర్‌బాక్సు ఎండిపోతే చక్రం ఆగుతుందనీ, చక్రం ఆగితే తెల్లారేసరికి సరుకు తేలుతుందనీ తెలుసు కనక దానికి ఆయిల్ పోయిస్తాడు కూడా. ఆ సరుకునే మోసే బండికీ ఒక గేర్‌బాక్సు ఉంది కదండీ అంటే మాత్రం, "దానికేవవుద్దండీ, ఇనుమే కదా" అంటాడు.

ఆ ఇనుము లోపల ఏం జరుగుతుందో చూద్దాం. వెనక ఇరుసు నడుమ ఉబ్బెత్తుగా కనపడేది హౌసింగు. లోపల క్రౌనూ, పినియనూ ఉంటాయి. గేర్‌బాక్సు నుంచి జాయింట్ షాఫ్టు తెచ్చిన తిప్పుడును పినియను అందుకుని క్రౌనుకిస్తుంది, అక్కణ్ణుంచి అది చక్రాలకి చేరుతుంది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం దొర్లాలి, లోపలిది తక్కువ. ఆ తేడా సర్దేది మధ్యలో ఉండే చిన్న స్టార్ పళ్ళు. ఈ ఏర్పాటుకి ఫ్రాన్సులో పెక్యూర్ అనే ఆయన 1820ల్లోనే పేటెంటు తీసుకున్నాడు. తర్వాత 1926లో అమెరికాలో ప్యాకార్డ్ కార్లవాళ్ళు పినియనును క్రౌను నడిమధ్య నుంచి కొంచెం కిందికి జరిపారు. ఇవాళ్టి పికప్పుల్లో చాలావాటికి ఇదే పద్ధతి. దీనివల్ల పళ్ళు ఒకదాన్నొకటి తోసుకోవడంతో ఆగవు, విపరీతమైన బరువు కింద ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి మామూలు నూనె నిలవదు, పక్కకి పారిపోతుంది. అందుకని గంధకం, భాస్వరం కలిపిన గేర్ ఆయిల్ పోస్తారు. ఆ మందులే పళ్ళమీద పొర కట్టి ఇనుముకి ఇనుము తగలకుండా చూస్తాయి. ప్లగ్ విప్పగానే గుప్పుమనే కంపు ఆ గంధకానిదే. చేపల ప్యాకింగు దగ్గర పుట్టిపెరిగిన ముక్కు కూడా దానికి పక్కకి తిరుగుతుంది.

ఇక మన ప్రత్యేకత నీళ్ళు. భీమవరం నుంచి ఆర్సీ పుస్తకంలో రాసిన బరువు కంటే ఒక టన్ను ఎక్కువ వేసుకుని వచ్చిన బండికి హౌసింగు చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతుంటుంది. ఆ వేడిమీదే డ్రైవరు దాన్ని గట్టు దిగువ నీళ్ళలోకి దింపుతాడు, లేదా సరాసరి వాటర్ సర్వీసింగుకి తోలుకెళ్ళి గన్ను పెట్టి కొట్టిస్తాడు. లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది. ఆ ఖాళీ నింపడానికి హౌసింగు ఎక్కణ్ణుంచో గాలి పీల్చుకోవాలి. పైన బ్రీదర్ అని వేలెడు కూడా లేని ఒక టోపీ ఉంటుంది, పీల్చుకోవడానికే పెట్టారు దాన్ని. అదేమో ఎప్పుడో బురదతో పూడిపోయింది. దాంతో హౌసింగు అరిగిన సీలు అంచుల నుంచి నీళ్ళు లాక్కుంటుంది. ఉప్పుటేరు దగ్గరి చెరువుల్లో అయితే అవి ఉప్పునీళ్ళు. నాలుగు నెలలు పోయాక ప్లగ్ విప్పితే పాలు ఎక్కువైన టీ రంగులో నురగ కారుతుంది. కానీ బండి పైకి తళతళలాడుతుంటుంది. వారంవారం కడిగించానని ఓనరు మీసం తిప్పుతాడు. నిజమే, లోపలా బయటా కడిగించాడు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి, కొల్లేరు సరస్సు నిండి, ఏలూరు-కైకలూరు రోడ్డు మునిగింది గుర్తుందా? ఆ నీళ్ళలో దిగిన పికప్పులన్నీ ఎటు పోయాయోగానీ, బ్రోకర్లని అడిగి చూడండి, ఒక్కటీ అమ్మకానికి రాలేదట. అన్నీ ఆ వారం ఇంటి దగ్గర షెడ్డులోనే ఉన్నాయట.

ఆయిల్ మార్చకపోవడానికి మన దగ్గర సిద్ధాంతాలకి కరువు లేదు. అది జీవితకాలం ఆయిలండీ అని మొదటిది. కంపెనీ లెక్కలో బండి జీవితం మొదటి ఓనరుతో సరి. ఆకివీడు లెక్కలో అది మూడో ఓనరుతో మొదలవుతుంది. రెండో సిద్ధాంతం ఇంకా గొప్పది. పాతది తీసి కొత్తది పోస్తే గేర్లు మోత పెడతాయట. మార్చిన మర్నాడు మోత వినిపించిందంటే అది నిన్నా ఉంది, మొన్నా ఉంది. ఇన్నాళ్ళూ ఇనుప రజను కలిసిన మడ్డి దాన్ని కప్పిపెట్టింది. ఇంజన్లోంచి తీసిన నల్లనూనెని పారబోయడం ఎందుకని హౌసింగులో పోసే పొదుపరులు మరో రకం. వాళ్ళు పుణ్యం కట్టుకుని ఆ నూనెతోనే ఇంట్లో దీపం పెట్టరు.

ఆఖరి సిద్ధాంతం డబ్బామీది నంబరు చూసేవాళ్ళది. గేర్ ఆయిల్ రకాల్లో జీఎల్-4 కంటే జీఎల్-5 పెద్దది కనుక రెండు చోట్లా 5 పోయించేస్తారు. హౌసింగుకి 5 సరే. గేర్‌బాక్సులో గేరు మెత్తగా పడటానికి ఇత్తడి సింక్రో రింగులుంటాయి. 5లో ఎక్కువగా ఉండే గంధకపు మందు కొన్ని రకాల్లో వాటిని నెమ్మదిగా తినేస్తుంది. దేనికేది పొయ్యాలో, ఎన్ని వేల కిలోమీటర్లకి మార్చాలో, నీళ్ళలో బరువుతో తిరిగే బండికి ఆ లెక్క ఎంత తగ్గించాలో ఓనరు పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం డ్యాష్‌బోర్డులో కవరు చింపకుండా భద్రంగా ఉంటుంది. కంపెనీ సీలు అంటే అదొక్కటే నిజం.

దసరాకి మాత్రం లోటు చెయ్యరు. బంతిపూల దండ, బానెట్‌మీద పసుపు బొట్లు, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు, ముందు గుమ్మడికాయ. నాకు పూజమీద ఏ అభ్యంతరమూ లేదు. కొల్లేటికోట పెద్దింట్లమ్మకి మొక్కి తోలినా మంచిదే. కాకపోతే ఆ తల్లి బ్రీదర్ శుభ్రం చెయ్యదు.

ఇక అమ్మేటప్పటి కళలు. అరిగిన గేర్‌బాక్సులో రంపపుపొట్టు పోసి మోత ఆపి అంటగట్టడం ప్రపంచమంతా తెలిసిన పాత విద్య. రోల్డ్ డాల్ 1988లో రాసిన 'మటిల్డా' అనే పిల్లల నవల్లో ఆ పాప తండ్రి చేసే వ్యాపారం ఇదే. మనవాళ్ళకి పొట్టుతో పని లేదు. చిక్కటి 140 గ్రేడు ఆయిల్ పోస్తే రెండు వారాలు గొణుగుడు అణుగుతుంది, ఆ రెండు వారాల్లో బేరం తెగుతుంది. ట్రయల్‌కి బయల్దేరగానే పాట పెట్టి వాల్యూమ్ పెంచాడంటే ఆయనకి సంగీతం మీద ప్రేమ అనుకోకండి.

సర్కారు ఏం చేస్తోందంటారా? 2023 ఏప్రిల్ 1 నుంచి సెకండ్ హ్యాండ్ బండ్ల డీలర్లు అధికార పత్రం తీసుకోవాలి, ట్రిప్పుల రిజిస్టరు రాయాలి. బండి ఎక్కడికెళ్ళింది, ఎందుకెళ్ళింది, ఎవరు నడిపారు అన్నీ అందులో ఉండాలి. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటేటా ఫిట్‌నెస్ ఉండనే ఉంది. హౌసింగులో ఉన్నది నూనో మజ్జిగో రాసే గడి మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

గేర్‌బాక్సుకీ హౌసింగుకీ కలిపి పట్టే ఆయిల్ మూడు నాలుగు లీటర్లు. ఒక్క రోజు చెరువు మేత ఖర్చుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. క్రౌను, పినియను పోతే రెండూ జతగా మార్చాలి, బేరింగులు మార్చాలి, లెవెలు కట్టించాలి, బండి వారం పదిరోజులు షెడ్డులో పడుకుంటుంది. ఆ పదిరోజుల్లో చేప ఆగదు, ఐసు ఆగదు.

కాబట్టి బేరానికి వెళ్ళేటప్పుడు పాత చొక్కా వేసుకుని, నమ్మకమైన మెకానిక్కుని వెంటబెట్టుకెళ్ళండి. ముందు పైనున్న లెవెల్ ప్లగ్ విప్పించండి, తర్వాతే కింది డ్రెయిన్ ప్లగ్. తుప్పుపట్టి పైది ఊడకపోతే, ఉన్నదంతా కిందనుంచి వదిలేశాక కొత్తది పోసే దారుండదు. ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే దానికంటిన బూడిదరంగు మెత్తటి ముద్ద చూసి భయపడక్కర్లేదు, అది మామూలు అరుగుదలే. గోరంత ఇనుప ముక్క కనపడిందా, తెల్లటి నురగ వచ్చిందా, దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. పాట ఆపించి, లోడుతో ఒకసారి, యాక్సిలరేటర్ వదిలేసి ఒకసారి నడిపి ఊళ వినండి. "సీలు విప్పనివ్వమండి" అన్నారా, ఓనరు పేరు మార్చే ఫామ్ 30 మీద మీరూ సంతకం పెట్టకండి.