ఏడు గిన్నెల డబ్బా

నేను స్టీలు పోపుల డబ్బాను. మా ఆళ్ళగడ్డలో తిరగమాత డబ్బా అంటారు. అహోబిలం తిరునాళ్ళలో జేజి నన్ను గంటసేపు బేరమాడి కొనింది. కడుపులో ఏడు గిన్నెలు: ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, శనగపప్పు, పసుపు, ఎండుమిరప తునకలు. ఆ రోజుల్లో ఏ గిన్నే ఖాళీ కాకపోవడమే నా పరువు. ఆవాలు అడుగంటితే జేజి కోడలి మీద కేకలేసేది.

మా జేజినాయనది రాతిపని. ఆళ్ళగడ్డ శిల్పుల వీధుల్లో ఉలి చప్పుడుతోనే తెల్లారుతుంది. బండలోంచి నరసింహస్వామి గోళ్ళు తీసిన చెయ్యి ఆయనది. ఒకరోజు పొద్దున ఆ చెయ్యి కాఫీ లోటా పట్టలేకపోయింది. మూతి ఒక పక్కకు లాగింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల కొత్త జిల్లా అయింది కదా, ఆ ఎండాకాలంలోనే ఇది జరిగింది. కారులో పడుకోబెట్టి నలభై కిలోమీటర్ల దూరంలోని నంద్యాలకు తీసుకుపోయినారు.

"బీపీ మాత్రలు ఎప్పుడు ఆపినారు?" అని డాక్టరు అడిగినాడంట. నాలుగు నెలలైంది. "ఒంట్లో బాగుండాది కదా, ఇంకెందుకని ఆపినా" అన్నాడంట జేజినాయన. పన్ను నొప్పయితే మాత్ర సంగతి తానే గుర్తుచేస్తుంది. బీపీ నొప్పి పెట్టదు, సలపదు, పిలవదు. పైగా రోజూ వేసుకుంటే కిడ్నీలు పోతాయని రచ్చబండ దగ్గర ఎవరో చెప్పినారు. అదుపు తప్పిన బీపీ వల్లే కిడ్నీలు దెబ్బతింటాయని చెప్పేవాళ్ళు ఆ రోజు అక్కడ లేరు.

ఇంటికి వచ్చేటప్పుడు సంచి నిండా మాత్రల రేకులు. బీపీకి, షుగరుకు, కొవ్వుకు, రక్తం గడ్డకట్టకుండా ఉండేందుకు. ఊళ్ళోకి వచ్చే 104 బండిలో ఇచ్చిన మాత్ర ఒక రంగు, మెడికల్ షాపులో కొన్నది ఇంకో రంగు. కంపెనీ పేర్లు వేరు, లోపలి మందు ఒకటే. అది తెలియక రెండు రోజులు రెండూ మింగి మంచం మీదే కళ్ళు తిరిగి పడినాడు.

మళ్ళీ చూపించుకోను పోయినప్పుడు ఆసుపత్రిలో ఫార్మ్-డి చదివే అమ్మాయి ఒకతె పక్కన కూర్చుంది. 2008లో మన దేశంలో మొదలైన ఆరేళ్ళ చదువు అది, చివరి ఏడాదంతా ఆసుపత్రిలోనే. రేకు మీద కంపెనీ పేరుతో పాటు ఉండే మందు పేరును వెంట వచ్చిన మనవడికి చూపించింది. తర్వాత అడిగింది: "జేజీ, మీ ఇంట్లో పోపుల డబ్బా ఉందా? ఎన్ని గిన్నెలు?"

ఏడు గిన్నెలు, ఏడు వారాలు. అట్లా మారింది నా బతుకు. మూడుసార్లు తోమి ఎండబెట్టినా జీలకర్ర వాసన పోలేదు. మాత్రల్ని రేకులోంచి తీయకుండా, ఒక్కొక్కటీ రేకుతో సహా కత్తిరించి వేసినారు, తేమ తగలకూడదని. మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్కను మనవడు దాచిపెట్టినాడు. జేజికి చదువు రాదు. పొద్దుటి మాత్రకు కుంకుమ చుక్క, రాత్రి మాత్రకు కాటుక చుక్క పెట్టుకునింది. పొయ్యి పక్కన వేడి, ఆవిరి మందులకు మంచివి కావని నన్ను దేవుని గూటికి మార్చినారు.

ఇప్పుడు గిన్నె ఖాళీ అయితేనే జేజికి సంతోషం. కానీ ఖాళీ గిన్నె కూడా అబద్ధం చెబుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, జేజికి తెలియదు. పొద్దున బీపీ మాత్ర తీసుకుని, చెయ్యి నోటిదాకా పోనిచ్చి, జేజి అటు తిరగ్గానే మంచం కిందికి వదిలేవాడు జేజినాయన. శనివారం ఒక్కపొద్దు. ఆ రోజు షుగరు మాత్ర మాత్రం భక్తిగా, ఖాళీ కడుపుతో మింగి, మధ్యాహ్నానికి చెమటలు పట్టి వణికేవాడు.

ఊడుస్తుంటే మాత్రలు దొరికిన రోజు ఇంట్లో రణమే. "నా తాళి మీద నీకేం కసి మామా?" అని జేజి ఏడ్చింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నంద్యాలకు పోయి ఆ సంగతి చెబితే ఆ అమ్మాయి తిట్టలేదు. "సరిగ్గా వేసుకుంటున్నారా?" అని కూడా అడగలేదు. అట్లా అడిగితే అందరూ ఊ అనే అంటారు. "అందరం మర్చిపోతాం తాతా, పోయిన వారం ఎన్ని తప్పిపోయినాయి?" అనింది. సంపన్న దేశాల్లోనే దీర్ఘరోగాలున్నవాళ్ళలో సగం మందే చెప్పినట్టు మందులు వాడుతున్నారని 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రాసిందని కూడా చెప్పింది. తానొక్కడే దొంగ కాదని తెలిసినాక ఆయన పంచె పైకి లాగినాడు. "పాదాలు చూడు పాపా. ఆ మాత్ర వేసుకుంటే ఇట్లా వాస్తాయి. చెప్పులు పట్టవు. చెబితే ఈమె భయపడుతుంది."

ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయంట. డాక్టరు మాత్ర మార్చినాడు. ఒక్కపొద్దు నాడు షుగరు మాత్ర ఎప్పుడు, ఏం తిన్నాక వేసుకోవాలో చెప్పినాడు. ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండూ కలిపి మింగొద్దన్నాడు. ఆరు నెలలుగా దాచిన మాట, అడిగిన తీరు బాగుంటే రెండు నిమిషాల్లో బయటపడింది.

మొన్న ఆదివారం జేజి మాత్రలు నింపబోతుంటే ఆయన నన్ను తన ఒళ్ళోకి లాక్కున్నాడు. గిన్నెలన్నీ బోర్లించినాడు. చిన్న ఉలి తెప్పించుకుని, వణికే కుడిచేత్తో ఒక్కో గిన్నె మీద ఒక్కో వారం పేరులో మొదటి అక్షరం చెక్కినాడు. సాయంత్రం దాకా పట్టింది. బుధవారం 'బు' పక్కకు జారి, కొమ్ము విరిగిన ఎద్దులా ఉంది.

"ఇదేం అక్షరం మామా?" అని జేజి నవ్వింది.

"చేతికి పని మరపొచ్చిందే. నాకు మాత్ర మరపు రాలేదు, నీళ్ళియ్యి" అన్నాడు.